అప్‌డేట్ మధ్యలో ఆగి ఆఫీస్ డెస్క్ ఫోన్ డెడ్ అయిందా? పడేయకండి.. రీసెట్ కూడా కొట్టకండి.. ముందు ఇవి చూడండి

రాత్రి ఫర్మ్‌వేర్ అప్‌డేట్ పెట్టి వెళ్లారు. పొద్దున వచ్చి చూస్తే రిసెప్షన్ టేబుల్ మీద ఫోన్ స్క్రీన్ నల్లగా ఉంది. లేదంటే కంపెనీ లోగో దగ్గరే ఆగిపోయింది. లైట్లు వెలుగుతాయి, ఆరుతాయి, మళ్లీ మొదటికి వస్తుంది. "అన్నా, ఫోన్ లేస్తలేదు" అని ఐటీ అబ్బాయికి కాల్ వెళ్తుంది. అప్పటికే బయట నుంచి వచ్చే కాల్స్ మోగి మోగి కట్ అవుతుంటాయి.

నాంపల్లి స్టేషన్ ఎదురుగా ఉన్న లాడ్జి అయినా, క్రిమినల్ కోర్టుల దగ్గర లాయర్ ఆఫీస్ అయినా, అబిడ్స్ జీపీఓ చుట్టుపక్కల ట్రావెల్స్, క్లినిక్ అయినా.. బోర్డు మీద, విజిటింగ్ కార్డు మీద ఉండేది ఆ ల్యాండ్‌లైన్ నంబరే. ఫోన్ పోయిందంటే ఆ రోజు బుకింగ్ పోయినట్టే. అయితే అసలు విషయం ఏంటంటే, ఇలా 'చచ్చిపోయిన' ఫోన్లలో ఎక్కువ భాగం నిజంగా చచ్చిపోవు. కంగారులో చేసే రెండో పనే వాటిని చంపుతుంది.

ముందు కాల్స్ సంగతి చూడాలి

ఫోన్ బాగుచేయడం తర్వాత. మొదట పీబీఎక్స్‌లో, లేదా సర్వీస్ ఇచ్చే కంపెనీ పోర్టల్‌లో ఆ ఎక్స్‌టెన్షన్‌కు వచ్చే కాల్స్‌ను ఒక మొబైల్‌కో, పక్క టేబుల్ ఫోన్‌కో ఫార్వర్డ్ చేయాలి. ఇది రెండు నిమిషాల పని. ఆ తర్వాత ఫోన్‌ను తీరిగ్గా చూసుకోవచ్చు. తొందర లేకపోతే తప్పులూ తగ్గుతాయి.

ఇంతకీ ఇది ఏ ఫోన్లకు వస్తుంది?

పాత ఈపీఏబీఎక్స్‌కు రెండు తీగలతో కలిపే మామూలు ఫోన్‌కు ఈ బాధ లేదు. అందులో అప్‌డేట్ చేయడానికి ఏమీ ఉండదు. ఇంటర్నెట్ కేబుల్‌తో పనిచేసే ఐపీ ఫోన్ అలా కాదు. సిస్కో, యీలింక్, గ్రాండ్‌స్ట్రీమ్, పాలీకామ్.. పేరు ఏదైనా అది టెలిఫోన్ వేషంలో ఉన్న చిన్న కంప్యూటర్. లోపల ప్రాసెసర్, మెమరీ, ఫ్లాష్ చిప్ ఉంటాయి. ఫోన్ ఎలా పనిచేయాలో చెప్పే ఫర్మ్‌వేర్ ఆ ఫ్లాష్ చిప్‌లో ఉంటుంది.

అదే చిప్‌లో ఒక మూలన 'బూట్‌లోడర్' అనే చిన్న ప్రోగ్రామ్ కూడా ఉంటుంది. కరెంటు రాగానే మొదట నిద్రలేచేది ఇదే. మామూలు అప్‌డేట్ పెద్ద ఫర్మ్‌వేర్‌ను మార్చుతుంది కానీ చాలా మోడళ్లలో బూట్‌లోడర్ జోలికి పోదు. అందుకే అప్‌డేట్ మధ్యలో కరెంటు పోయి ఫర్మ్‌వేర్ సగమే రాసినా, బూట్‌లోడర్ మాత్రం బతికే ఉంటుంది. కొత్త ఫర్మ్‌వేర్ ఎక్కడ దొరుకుతుందా అని నెట్‌వర్క్‌లో వెతుకుతూ ఉంటుంది. మనం చేయాల్సిందల్లా దానికి సరైన ఫైల్ అందించడమే. కొన్ని మోడళ్లు రెండు కాపీలు దాచుకుంటాయి. సిస్కో 7800, 8800 సిరీస్‌లలో బ్యాకప్ ఇమేజ్ నుంచి ఫోన్ లేపే ఏర్పాటు ఉంది.

స్క్రీన్ ఏం చెబుతోంది?

'అప్‌గ్రేడింగ్' అని ఉంటే, మెసేజ్ మారుతూ ఉంటే ముట్టుకోకూడదు. అరగంట వదిలేయాలి. చాలా ఫోన్లు ఈ దశలోనే ప్లగ్ పీకి చంపేస్తారు. లోగో దగ్గర ఆగి పదే పదే రీస్టార్ట్ అవుతుంటే బూట్‌లోడర్ బాగుంది, ఫర్మ్‌వేర్ పాడైంది అని అర్థం. పాత సిస్కో 7940, 7960 ఫోన్లలో 'ప్రోటోకాల్ అప్లికేషన్ ఇన్‌వాలిడ్' అని కనిపిస్తే అదీ ఇదే కేసు. చూడ్డానికి భయంగా ఉంటుంది కానీ నిజానికి ఇది మంచి వార్త. ఫోన్ మాట్లాడుతోంది కదా!

స్క్రీన్ మీద ఏమీ లేదు, ఒక్క లైటూ లేదు అంటే మొదట అనుమానించాల్సింది ఫర్మ్‌వేర్‌ను కాదు, కరెంటును.

అడాప్టర్ దగ్గర జాగ్రత్త

ఐపీ ఫోన్లకు కరెంటు రెండు దారుల్లో వస్తుంది. ఒకటి విడి అడాప్టర్. రెండోది నెట్‌వర్క్ కేబుల్‌లోనే కరెంటు పంపే 'పీఓఈ' స్విచ్. 2003లో వచ్చిన 802.3ఏఎఫ్ ప్రమాణం ప్రకారం స్విచ్ ఒక్కో పోర్టుకు 15.4 వాట్ల వరకు ఇస్తుంది. సిస్కో 7940, 7960 అంతకు ముందు తరానివి. అవి సిస్కో సొంత పద్ధతిలో కరెంటు తీసుకుంటాయి తప్ప ఈ ప్రమాణాన్ని గుర్తించవు. కొత్త స్విచ్‌కు పెట్టి 'ఫోన్ పోయింది' అనుకుంటే ఎలా? దానికి అడాప్టర్ కావాల్సిందే.

ఇక్కడే అసలు ప్రమాదం ఉంది. చాలా సిస్కో డెస్క్ ఫోన్ల అడాప్టర్ 48 వోల్టులు. చాలా యీలింక్ ఫోన్లకు 5 వోల్టులు. సెకండ్ హ్యాండ్‌లో కొన్న ఫోన్లకు అడాప్టర్ రాదు, డ్రాయర్‌లో దొరికిన పిన్ను సరిపోయిందని గుచ్చేస్తారు. 5 వోల్టుల ఫోన్‌కు 48 వోల్టులు వెళ్తే ఇక ఏ ఫైలూ దాన్ని లేపలేదు. ఫోన్ వెనక స్టిక్కర్ మీద, అడాప్టర్ మీద వోల్టులు చదివి, రెండూ ఒకటే అయితేనే పెట్టాలి. ట్రూప్ బజార్‌లోనో, కోఠిలోనో అడాప్టర్ కొనేటప్పుడు ఫోన్ వెంట తీసుకెళ్లడం మేలు.

రీసెట్ కొట్టే ముందు ఒక్క నిమిషం

యూట్యూబ్‌లో వెతికితే మొదట వచ్చే సలహా ఫ్యాక్టరీ రీసెట్. సిస్కో 7942, 7962 లాంటి ఫోన్లలో పద్ధతి ఇదీ: కరెంటు తీసేసి, # బటన్ నొక్కి పట్టుకుని మళ్లీ కరెంటు పెట్టాలి. లైన్ బటన్ లైట్లు వరుసగా వెలగడం మొదలవ్వగానే # వదిలి, 123456789*0# వరుసగా నొక్కాలి. 7800, 8800 సిరీస్‌లలోనూ నొక్కే నంబర్లు ఇవే.

అయితే ఒక మెలిక ఉంది. 7900 సిరీస్‌లోని ఈ ఫోన్లు రీసెట్ తర్వాత తమ ఫర్మ్‌వేర్‌ను మళ్లీ నెట్‌వర్క్ నుంచి డౌన్‌లోడ్ చేసుకోవాలి. ఫైల్ ఇచ్చే సర్వర్ సిద్ధంగా లేకపోతే 'అప్‌గ్రేడింగ్' స్క్రీన్ దగ్గరే ఆగిపోతాయి. అంతవరకు సగం పనిచేసిన ఫోన్ కూడా పూర్తిగా పడుకుంటుంది. కాబట్టి సర్వర్ ముందు, రీసెట్ తర్వాత. ఈ వరుస తప్పితే పని రెట్టింపు.

మిగతా కంపెనీల్లో కథ వేరు. యీలింక్‌లో ఫోన్ ఆన్ అయ్యాక ఓకే బటన్ పది సెకన్లు పట్టుకుంటే రీసెట్ అడుగుతుంది. దానితో సెట్టింగులే పోతాయి, పాడైన ఫర్మ్‌వేర్ బాగవదు. అసలు లేవని యీలింక్ కోసం స్పీకర్ బటన్ పట్టుకుని కరెంటు ఇచ్చే రికవరీ మోడ్ ఉంది. పాత పాలీకామ్ సౌండ్‌పాయింట్ ఫోన్లలో చాలావాటికి 4, 6, 8, * నాలుగూ ఒకేసారి నొక్కితే రీసెట్ కోసం పాస్‌వర్డ్ అడుగుతుంది. ఎవరూ మార్చకపోతే అది 456. గ్రాండ్‌స్ట్రీమ్‌లో మరీ పాత వెర్షన్ నుంచి ఒక్కసారిగా కొత్తదానికి దూకితే ఫెయిల్ అయ్యే మోడళ్లు ఉన్నాయి. మధ్య వెర్షన్ మీదుగా మెట్టుమెట్టుగా వెళ్లాలి. ఏ వెర్షన్ నుంచి ఏ వెర్షన్‌కు వెళ్లొచ్చో కంపెనీ రిలీజ్ నోట్స్‌లో ఉంటుంది. అది చదివేవాళ్లు తక్కువ, అంతే.

ల్యాప్‌టాప్‌తో ఫోన్ లేపడం ఇలా

కావాల్సినవి నాలుగు: ల్యాప్‌టాప్, చిన్న మామూలు స్విచ్, రెండు కేబుళ్లు, ఫోన్‌కు సరైన అడాప్టర్ లేదా పీఓఈ ఇంజెక్టర్. ల్యాప్‌టాప్ పోర్టు ఫోన్‌కు కరెంటు ఇవ్వదు.

బూట్‌లోడర్‌కు వచ్చిన భాష 'టీఎఫ్‌టీపీ'. 1980ల నాటి ఫైల్ బదిలీ పద్ధతి. పాస్‌వర్డ్ లేదు, ఆర్భాటం లేదు, అందుకే చిన్న ప్రోగ్రామ్‌లోనూ ఇమిడిపోతుంది. విండోస్ ల్యాప్‌టాప్‌లో టీఎఫ్‌టీపీడీ64 అనే ఉచిత సాఫ్ట్‌వేర్ వేసుకుంటే ఫైల్ సర్వర్, ఐపీ అడ్రస్ ఇచ్చే డీహెచ్‌సీపీ సర్వర్ రెండూ అందులోనే వస్తాయి.

ఒక హెచ్చరిక. ఈ డీహెచ్‌సీపీని ఆఫీస్ నెట్‌వర్క్‌లో ఆన్ చేయకూడదు. అసలు రౌటర్‌తో పోటీపడి అది కూడా అడ్రస్‌లు పంచడం మొదలుపెడితే ఒక ఫోన్ బాగుచేయబోయి ఫ్లోర్ మొత్తానికి ఇంటర్నెట్ పోతుంది. ఆ చిన్న స్విచ్‌కు ల్యాప్‌టాప్, ఫోన్ తప్ప ఇంకేదీ కలపకూడదు. వైఫై కూడా ఆపేయాలి.

తర్వాత ల్యాప్‌టాప్‌కు 192.168.10.1 లాంటి స్థిరమైన అడ్రస్ ఇవ్వాలి. కంపెనీ సైట్ నుంచి అదే మోడల్ ఫర్మ్‌వేర్ దించి, జిప్ విప్పి, ఫైళ్లన్నీ ఒకే ఫోల్డర్‌లో పెట్టాలి. డీహెచ్‌సీపీలో ఆప్షన్ 66 దగ్గర ల్యాప్‌టాప్ అడ్రస్ రాయాలి. సిస్కో అయితే ఆప్షన్ 150 కూడా. ఇప్పుడు ఫోన్‌కు కరెంటు ఇచ్చి, ఫోన్‌ను కాకుండా ల్యాప్‌టాప్ స్క్రీన్‌ను చూడాలి. రోగం ఎక్కడుందో సర్వర్ లాగ్ చెబుతుంది.

ఫోన్ ఫైల్ అడిగింది, 'ఫైల్ నాట్ ఫౌండ్' అని వచ్చిందా? అది అడుగుతున్న పేరు లాగ్‌లోనే ఉంటుంది. అక్షరం పొల్లుపోకుండా ఆ పేరుతో ఫైల్ ఉండాలి. లినక్స్ సర్వర్ అయితే పెద్ద అక్షరం, చిన్న అక్షరం తేడా కూడా పట్టించుకుంటుంది. ఫోన్‌కు అడ్రస్ వెళ్లింది కానీ ఫైల్ అడిగిన జాడే లేదా? విండోస్ ఫైర్‌వాల్ యూడీపీ 69 పోర్టును ఆపేస్తూ ఉండొచ్చు. అసలు ఏ కదలికా లేదా? కేబుల్ ఫోన్‌లోని 'పీసీ' పోర్టుకు పెట్టారేమో చూడాలి, పెట్టాల్సింది నెట్‌వర్క్ పోర్టుకు. ఆఫీసులో ఫోన్లకు వేరే వాయిస్ వీల్యాన్ ఉంటే, ఆ నంబర్ ఫోన్‌లో సేవ్ అయి ఉన్నా ల్యాప్‌టాప్‌కు దాని మాట వినపడదు.

డౌన్‌లోడ్ మొదలై 32 ఎంబీ దగ్గర ఆగితే అది ఫోన్ తప్పు కాదు. పాత టీఎఫ్‌టీపీ 512 బైట్ల ముక్కలుగా పంపుతుంది, ముక్కల లెక్క 65,535 దాటదు. రెండూ గుణిస్తే దాదాపు 32 ఎంబీ. ముక్క సైజు పెంచుకునే కొత్త సర్వర్ వాడితే సరిపోతుంది.

ఫైల్ వెళ్లాక ఫోన్ ఫ్లాష్‌లో రాసుకుంటుంది, తనే రీస్టార్ట్ అవుతుంది. ఒకటి రెండు సార్లు కావచ్చు. ఆ ఐదు, పది నిమిషాలు ఎవరూ ప్లగ్ దగ్గరకు పోకుండా చూసుకోవాలి. ఫర్మ్‌వేర్‌ను కంపెనీ సైట్ నుంచే తీసుకోవాలి. ఎవరో గ్రూపులో పెట్టిన ఫైల్ పనికిరాదు. కొత్త ఫోన్లు కంపెనీ డిజిటల్ సంతకం లేని ఫైల్‌ను తీసుకోవు, తీసుకునే పాత ఫోన్‌లో ఏం ఎక్కుతుందో చెప్పలేం.

లేచింది కానీ కాల్స్ రావడం లేదా?

రీసెట్ అయిన ఫోన్‌కు తన ఎక్స్‌టెన్షన్ నంబర్ గుర్తుండదు. ఎస్ఐపీ యూజర్ నేమ్, పాస్‌వర్డ్, సర్వర్ అడ్రస్ మళ్లీ ఇవ్వాలి. సిస్కో కాల్ మేనేజర్ ఉన్న చోట వెనక స్టిక్కర్ మీది మ్యాక్ అడ్రస్‌తో సర్వర్‌లో ఎంట్రీ ఉంటే అదే సెట్టింగులు లాక్కుంటుంది. అన్నీ సరిగ్గా ఉన్నా రిజిస్టర్ కాకపోతే టైం చూడాలి. తేదీ ఏళ్ల వెనక్కి పోయిన ఫోన్ సర్వర్ సెక్యూరిటీ సర్టిఫికెట్‌ను నమ్మదు. ఎన్‌టీపీ సర్వర్ పెట్టి గడియారం సరిచేస్తే లైన్ వస్తుంది. ఫోన్ వెబ్ పేజీ పాస్‌వర్డ్ కూడా కంపెనీ ఇచ్చిన పాతదానికి తిరిగిపోతుంది కాబట్టి వెంటనే మార్చాలి. మొదట పెట్టిన కాల్ ఫార్వర్డింగ్ తీసేయడం మర్చిపోతే కాల్స్ అన్నీ ఆ మొబైల్‌కే పోతూ ఉంటాయి. ఇది చిన్న విషయంలా ఉంటుంది కానీ, 'ఫోన్ ఇంకా బాగవలేదు' అనే ఫిర్యాదు చాలాసార్లు దీనివల్లే.

సర్వర్ లాగ్‌లో కదలిక లేదు, సరైన అడాప్టర్‌తోనూ లైట్ లేదు అంటే బూట్‌లోడర్ పోయింది లేదా బోర్డు పోయింది. వారంటీ ఉంటే కంపెనీ సర్వీస్‌కు ఇవ్వడమే దారి. అబిడ్స్ జగదీష్ మార్కెట్‌కు మొబైల్ రిపేర్‌లో పెద్ద పేరుంది. కానీ డెస్క్ ఫోన్ బోర్డు వేరు, ముందు ఆ మోడల్ చేసిన అనుభవం ఉందా అని అడిగాకే చేతికివ్వాలి. పాత మోడల్ అయితే రిపేర్ ఖర్చు, సెకండ్ హ్యాండ్ ఫోన్ ధర పక్కపక్కన పెట్టి చూసుకోవాలి.

ఇంత గొడవ ఉంటే అప్‌డేట్ ఎందుకు?

2012 డిసెంబర్‌లో కొలంబియా యూనివర్సిటీ పరిశోధకుడు ఆంగ్ కుయ్ సిస్కో 7900 సిరీస్ ఫోన్‌ను హ్యాక్ చేసి, రిసీవర్ పెట్టేసి ఉన్నా గదిలో మాటలు వినే పరికరంగా మార్చి చూపించారు. పదేళ్ల తర్వాత, 2022 డిసెంబర్‌లో 7800, 8800 సిరీస్ ఫోన్లలో సీవీఈ-2022-20968 అనే లోపాన్ని సిస్కోనే బయటపెట్టింది. అదే నెట్‌వర్క్‌లో ఉన్నవాళ్లు ఫోన్‌ను తమ ఆధీనంలోకి తీసుకునే ప్రమాదం ఉందని చెప్పింది. లాయర్ టేబుల్ మీద, డాక్టర్ టేబుల్ మీద ఉండే ఫోన్‌కు ఇది చిన్న సంగతి కాదు. కాబట్టి అప్‌డేట్ ఆపేయడం పరిష్కారం కాదు.

అప్‌డేట్‌ను వర్షాకాలం సాయంత్రం, కరెంటు వచ్చిపోయే టైంలో పెట్టకపోతే సగం సమస్య రాదు. కంప్యూటర్లకు యూపీఎస్ ఉండి, గోడ మీది పీఓఈ స్విచ్‌కు మాత్రం లేని ఆఫీసులు ఉంటాయి. ఫోన్లకు కరెంటు ఇచ్చేది ఆ స్విచ్చే కాబట్టి యూపీఎస్ అక్కడ పెట్టాలి. పది ఫోన్లు ఉంటే మొదట ఒక్కదానికి.. అదీ రిసెప్షన్‌ది కాకుండా లోపలి రూమ్‌లోదానికి.. అప్‌డేట్ చేసి, ఒకరోజు వాడి చూసి, మిగతావాటి జోలికి వెళ్లాలి. పాత వెర్షన్ ఫైల్, ఫోన్ల సెట్టింగుల బ్యాకప్ ఒక పెన్‌డ్రైవ్‌లో వేసి ఆ స్విచ్ పక్కనే ఉంచుకుంటే రాత్రిపూట వెతుక్కోనక్కర్లేదు.