కరోనా తగ్గిందనుకున్నాక పిల్లలకు మళ్లీ జ్వరమా? ‘మిస్-సీ’ గురించి తల్లిదండ్రులు తెలుసుకోవాల్సింది

కరోనా సోకిన పిల్లల్లో చాలామందికి రెండు మూడు రోజుల జ్వరం, కాస్త దగ్గుతోనే సరిపోతుంది. కొందరికి అది కూడా ఉండదు. అయితే చాలా అరుదుగా, 2 నుంచి 6 వారాల తర్వాత, బాగానే తిరుగుతున్న పిల్లాడికి మళ్లీ తీవ్రమైన జ్వరం మొదలవుతుంది. వైరస్‌పై పోరాడాల్సిన రోగనిరోధక శక్తి అదుపు తప్పి సొంత శరీరం మీదే విరుచుకుపడటం దీనికి కారణం. గుండె, పేగులు, చర్మం, మూత్రపిండాలు ఒకేసారి దెబ్బతినొచ్చు. దీన్నే ఎంఐఎస్-సీ, వాడుకలో ‘మిస్-సీ’ అంటున్నారు.

2020 ఏప్రిల్ చివర్లో బ్రిటన్‌లో వైద్యులు దీన్ని మొదట గుర్తించారు. మే 15న ప్రపంచ ఆరోగ్య సంస్థ దీని లక్షణాలను ప్రకటించింది. అదే ఏడాది ముంబై, చెన్నైల్లోనూ కేసులు కనిపించాయి. ఒమిక్రాన్ వచ్చాక బాగా తగ్గాయి కానీ పూర్తిగా పోలేదు.

మూడు రోజులైనా దిగని జ్వరం, ఎర్రబడిన కళ్లు, ఒంటిమీద దద్దుర్లు, పగిలిన పెదాలు, వాచిన చేతులు, కాళ్లు... ఇవన్నీ 1967లో జపాన్ వైద్యుడు టొమిసాకు కవాసాకీ వివరించిన జబ్బును పోలి ఉంటాయి. కాకపోతే కవాసాకీ ఎక్కువగా ఐదేళ్లలోపు పిల్లలకు వస్తుంది. మిస్-సీ బడికెళ్లే వయసు పిల్లల్లో ఎక్కువ. వాంతులు, విరేచనాలు, విపరీతమైన కడుపునొప్పి కూడా ఉంటాయి. అపెండిసైటిస్ అనుకుని ఆపరేషన్ చేసిన సందర్భాలు కూడా ఉన్నాయి.

మన దగ్గర వానాకాలంలో చిక్కు ఇంకా ఎక్కువ. డెంగీలోనూ జ్వరం, దద్దుర్లు, కడుపునొప్పి, ప్లేట్‌లెట్లు పడిపోవడం ఉంటాయి. టైఫాయిడ్, స్క్రబ్ టైఫస్ సరేసరి. కరోనా ఆర్‌టీపీసీఆర్ పరీక్ష చాలాసార్లు నెగెటివ్ వస్తుంది, ఎందుకంటే అప్పటికి వైరస్ వెళ్లిపోయి ఉంటుంది. యాంటీబాడీలు చూద్దామంటే అవి ఇప్పుడు దాదాపు అందరిలోనూ ఉన్నాయి. అందుకే ఇంట్లోవాళ్లు చెప్పే మాటే డాక్టర్‌కు పెద్ద ఆధారం. నెల క్రితం నానీకి జలుబు చేసిందా, అబ్బాకు వాసన తెలియలేదా, దావత్‌కు వెళ్లొచ్చాక ఇంటిల్లిపాదీ దగ్గారా? డాక్టర్ అడగకపోయినా చెప్పాలి.

పిల్లాడు మగతగా పడి ఉన్నా, ఆయాసపడుతున్నా, చేతులు, కాళ్లు చల్లబడినా, మూత్రం తగ్గినా ఆగకూడదు. అది బీపీ పడిపోతున్న సూచన కావచ్చు. పిల్లల ఐసీయూ ఉన్న ఆస్పత్రికే నేరుగా తీసుకెళ్లాలి. అక్కడ సీఆర్‌పీ, ఫెరిటిన్, డీ-డైమర్, ట్రోపోనిన్ రక్తపరీక్షలతో పాటు గుండెకు ఎకో తీస్తారు.

చికిత్సలో ముఖ్యమైనవి స్టెరాయిడ్లు, ఐవీఐజీ. ఐవీఐజీని దాతల ప్లాస్మా నుంచి తయారుచేస్తారు. మోతాదు కిలో బరువుకు 2 గ్రాములు, అంటే 20 కిలోల పిల్లాడికి 40 గ్రాములు. ఖరీదైన మందే. రక్తం గడ్డకట్టకుండా తక్కువ మోతాదులో ఆస్పిరిన్ కూడా ఇస్తారు. జ్వరం తగ్గట్లేదని వీధి చివర ఆర్‌ఎంపీతో స్టెరాయిడ్ ఇంజెక్షన్ వేయించడం, ఇంట్లో ఉన్న ఆస్పిరిన్ బిళ్ల మింగించడం మాత్రం ప్రమాదం. ఆస్పత్రిలో సమయానికి చికిత్స అందితే ఎక్కువమంది కోలుకుంటారు. అమెరికా లెక్కల్లో మరణాలు నూటికి ఒకరిద్దరికి మించలేదు.

డిశ్చార్జ్‌తో పని అయిపోదు. గుండె రక్తనాళాలు ఉబ్బే అవకాశం ఉంటుంది కాబట్టి ఒకటి రెండు వారాలకు, మళ్లీ 4 నుంచి 6 వారాలకు ఎకో తీయించాలి. పిల్లాడు హుషారుగానే ఉన్నాడు కదా అని చాలామంది మానేసేది ఇదే. గుండె దెబ్బతిన్న పిల్లలకు పరుగు పందేలు, క్రికెట్, ఫుట్‌బాల్ మూడు నుంచి ఆరు నెలలు వద్దంటారు. ఆ సంగతి బడిలో పీఈటీ సార్‌కు ముందే చెప్పాలి. ఐవీఐజీ తీసుకున్నాక ఎంఎంఆర్, చికెన్‌పాక్స్ టీకాలు సాధారణంగా 11 నెలలు వాయిదా వేస్తారు. కాబట్టి టీకాలకు వెళ్లేటప్పుడు డిశ్చార్జ్ కాగితం కూడా తీసుకెళ్లాలి.