జ్వరం తగ్గింది, బుర్ర మాత్రం తిరిగి రాలేదు

కోవిడ్ వచ్చి తగ్గిన చాలామంది చెప్పిన మాట ఇది: "జ్వరం పోయింది గానీ బుర్ర పనిచెయ్యట్లేదు." చదివిన పేరానే మళ్ళీ చదవడం, మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో అసలు విషయం మర్చిపోవడం, గంట సేపు కుదురుగా కూర్చుని ఆలోచిస్తే మర్నాడంతా మంచానికి అతుక్కుపోవడం. దీనికి 'బ్రెయిన్ ఫాగ్' అని ఓ పేరు వాడుకలోకి వచ్చేసరికి ఇదేదో 2020లో పుట్టిన కొత్త గోల అనుకున్నారు జనం. నిజానికి దీని చరిత్ర కనీసం నూట ముప్ఫై ఏళ్ళ నాటిది. అందులో ఎక్కువ భాగం రోగి చెప్పేది నమ్మాలా వద్దా అన్న తగువుతోనే గడిచిపోయింది.

1889లో రష్యన్ ఫ్లూ యూరప్‌ని చుట్టేసినప్పుడే, జ్వరం తగ్గాక కూడా నెలల తరబడి మనిషి మామూలు మనిషి కాలేకపోతున్నాడని వైద్యులు రాసుకున్నారు. లండన్లో జూలియస్ ఆల్తౌస్ అనే నరాల వైద్యుడు ఫ్లూ తర్వాత వచ్చే మానసిక సమస్యల మీద ప్రత్యేకంగా రాశాడు. 1917లో వియన్నాలో ఫాన్ ఎకానమో 'నిద్ర జబ్బు' ఒకటి గుర్తించాడు. (1918 నాటి ఫ్లూకీ దానికీ సంబంధం ఉందా లేదా అన్నది ఇప్పటికీ తేలలేదు.) ఆ జబ్బు బారిన పడి దశాబ్దాల పాటు బొమ్మల్లా ఉండిపోయినవాళ్ళకి 1969లో న్యూయార్క్‌లో ఆలివర్ శాక్స్ ఎల్-డోపా అనే మందిచ్చి లేపిన కథ మీద 1990లో సినిమా కూడా వచ్చింది. చూడకపోతే చూడండి.

నన్ను బాగా పట్టేసింది మాత్రం 1955 నాటి లండన్ కథ. అక్కడి రాయల్ ఫ్రీ హాస్పిటల్లో జూలైలో ఉన్నట్టుండి సిబ్బంది పడకేయడం మొదలైంది. తలనొప్పి, గొంతునొప్పి, మెడ దగ్గర గ్రంథుల వాపు, కండరాల నొప్పి, ఆ తర్వాత విపరీతమైన నీరసం. జూలై 25న ఆసుపత్రి మూసేశారు. మళ్ళీ తెరిచింది అక్టోబరులో. నవంబరు దాకా లెక్కేస్తే సిబ్బందిలోనే 292 మందికి వచ్చింది. విచిత్రం ఏంటంటే, అప్పటికే వేరే జబ్బులతో ఆసుపత్రి మంచాల మీద ఉన్న రోగుల్లో మాత్రం 12 మందికే వచ్చింది! రక్తం తీశారు, వెన్ను నీరు తీశారు, ఏ వైరస్సూ దొరకలేదు. అక్కడే అంటువ్యాధుల వైద్యుడిగా పనిచేసిన మెల్విన్ రామ్సే వీళ్ళని ఏళ్ళ తరబడి గమనించాడు. చిన్న పని చేసినా కండరానికి బలం తిరిగి రావడానికి రోజులు పట్టడం, జ్ఞాపకశక్తీ ఏకాగ్రతా దెబ్బతినడం, ఇవాళ బాగుండి రేపు పడిపోవడం. ఈ మూడూ ఆయన పదే పదే రాసినవే. 1956లో లాన్సెట్ పత్రిక దీనికో పేరు పెడుతూ ముందు 'బినైన్' అని తగిలించింది, అంటే ప్రాణం తీయదని. కొందరు ఎన్నేళ్ళకీ కోలుకోకపోవడం చూసి రామ్సే తర్వాత ఆ మాట వదిలేశాడు.

1970లో అసలు దెబ్బ పడింది. మెక్ఈవెడీ, బియర్డ్ అనే ఇద్దరు మానసిక వైద్యులు పాత కేసు షీట్లు ముందేసుకుని, ఒక్క రోగిని కూడా పిలిచి చూడకుండా, ఇది సామూహిక హిస్టీరియా అని తేల్చేశారు. మగవాళ్ళ కంటే ఆడవాళ్ళకి ఎక్కువ వచ్చిందన్నది వాళ్ళు చూపించిన కారణాల్లో ఒకటి! మా వృత్తిలో దీనికి సరిగ్గా సరిపోయే సంగతి ఉంది. కస్టమర్ ఫలానా చోట ప్రోగ్రాం ఆగిపోతోందని మొత్తుకుంటాడు. మన మెషీన్లో అది రాదు. అంతే, 'కాంట్ రీప్రొడ్యూస్' అని రాసి టికెట్ మూసేస్తాం. బగ్గేమో హాయిగా అక్కడే ఉంటుంది. తేడా ఏంటంటే ఇక్కడ ఆ మూసేసిన టికెట్ మీద కొన్ని వేలమంది బతుకులు నడిచాయి. రామ్సే ఎంత ఖండించినా ఆ ముద్ర పోలేదు.

1984లో అమెరికాలో, నెవాడా రాష్ట్రంలోని ఇన్‌క్లైన్ విలేజ్ అనే ఊళ్ళో ఇలాంటిదే వచ్చింది. 1988లో వాళ్ళ సీడీసీ దీనికి 'క్రానిక్ ఫటీగ్ సిండ్రోమ్' అని పేరు పెట్టింది. ఇంతకంటే చెడ్డ పేరు ఇంకోటి దొరకదేమో. అలసట ఎవరికుండదు? "నాకూ అలసటే" అని ప్రతివాడూ అనేస్తాడు.

మన దగ్గర 2005-06లో చికున్‌గున్యా వచ్చింది గుర్తుందా? జ్వరం నాలుగు రోజులకే పోయినా కీళ్ళు నెలల తరబడి పట్టేసి, మంచం దిగలేక మూలిగినవాళ్ళు ఊరూరా ఉన్నారు. వాళ్ళని "అంతా నీ ఊహే" అని ఎవరూ అనలేదు. వాచిన మోకాలు కంటికి కనిపిస్తుంది మరి. వాచని జ్ఞాపకశక్తిని ఎవరికి చూపించాలి? పైగా మన పెద్దవాళ్ళకి 'జ్వరం పడి లేచిన మనిషి' అంటే ఒక లెక్క ఉండేది. టైఫాయిడ్ వస్తే (అది వైరస్ కాదనుకోండి) తగ్గాక కూడా వారాల పాటు పథ్యం పెట్టి, ఎండలోకి పోనివ్వకుండా, బరువు ఎత్తనివ్వకుండా చూసేవాళ్ళు. పథ్యంలో సగం చాదస్తమే కావచ్చు గానీ, ఆ విశ్రాంతి మాత్రం చాదస్తం కాదు.

ఎందుకంటే వైద్యం దీనికి సరిగ్గా ఎదురు దారిలో నడిచింది. రోజూ కొంచెం కొంచెంగా వ్యాయామం పెంచుతూ పోతే నయమవుతుందని 641 మంది మీద చేసిన పేస్ అనే ప్రయోగం 2011లో లాన్సెట్‌లో వచ్చింది. తర్వాత చూస్తే 'కోలుకోవడం' అనే మాటకి అర్థాన్ని మధ్యలో సడలించారని బయటపడింది. డేటా ఇవ్వమంటే ఇవ్వలేదు. ట్రిబ్యునల్ ఆదేశించాక 2016లో ఇచ్చారు. మొదట అనుకున్న కొలతలతో లెక్కేస్తే 'కోలుకున్నవాళ్ళ' తేడా దాదాపు మాయమైంది. 2021లో బ్రిటన్‌లోని నైస్ సంస్థ ఆ వ్యాయామ పద్ధతిని సిఫారసుల్లోంచి తీసేసి, ఒంట్లో ఉన్న ఓపికని బట్టి పనిని సర్దుకోమంది. అప్పటికి రాయల్ ఫ్రీ ఆసుపత్రి మూసి 66 ఏళ్ళు.

2021 సెకండ్ వేవ్ తర్వాత మా టీంలో ఒకతనికి ఇలాగే అయింది. "కాఫీ ఎక్కువ తాగు" అన్నది పైవాళ్ళిచ్చిన సలహా. అతనే కిందామీదా పడి ఒక దారి కనుక్కున్నాడు. పొద్దున్న రెండు గంటలు మాత్రమే కోడ్, మధ్యలో పావుగంటకోసారి కళ్ళు మూసుకోవడం, ప్రతిదీ కాగితం మీద రాసుకోవడం, మంచిగా ఉన్న రోజున కూడా రెండు గంటలు దాటకపోవడం. చివరిదే అన్నిటికంటే కష్టం అనేవాడు. ఏడాది దాటాక మెల్లగా తేరుకున్నాడు. అందరికీ ఇలాగే అవుతుందని కాదు. బీ12, థైరాయిడ్, రక్తహీనత, నిద్ర ఇవన్నీ ముందు డాక్టరు దగ్గర చూపించుకోవాల్సినవే, వాటిలో ఏదైనా ఉంటే వైద్యం ఉంది.

ఇక కొలతలంటారా, ఇప్పుడు కొన్ని ఉన్నాయి. 2022లో బ్రిటన్ వాళ్ళు 785 మంది మెదడుని రెండేసి సార్లు స్కాన్ చేసి పోల్చారు. అందులో 401 మందికి రెండు స్కాన్ల మధ్యలో కోవిడ్ వచ్చింది. వీళ్ళలో చాలామంది ఆసుపత్రి మెట్లెక్కనివాళ్ళే, అయినా మెదడులో కొన్ని చోట్ల సగటున కొంచెం ఎక్కువ తరుగుదల కనిపించింది. 2024లో న్యూ ఇంగ్లండ్ జర్నల్‌లో లక్షమందికి పైగా రాసిన పరీక్షల ఫలితాలు వచ్చాయి. పూర్తిగా కోలుకున్నవాళ్ళలో తగ్గుదల ఐక్యూ లెక్కన 3 పాయింట్లంత, లక్షణాలు వదలని వాళ్ళలో 6 పాయింట్లంత. అందులోనే ఇంకో మాట ఉంది, దాన్ని పేపర్లవాళ్ళు పెద్దగా పట్టించుకోలేదు: నెలల తరబడి బాధపడి ఆ తర్వాత బయటపడ్డవాళ్ళ మార్కులు, త్వరగా కోలుకున్నవాళ్ళ మార్కులకి దగ్గర్లోనే ఉన్నాయి.