రెండు పంక్తులు

చేత్తో లెడ్జర్లు రాసిన రోజుల్లో, సాయంత్రానికి లెక్క కుదరకపోతే తేడాను సస్పెన్సు ఖాతాలో పడేసి ఇంటికి పోయేవాళ్లుండేవారు. నేనూ ఒకటి రెండుసార్లు ఆ పని చేశాను. పుస్తకం కుదిరేది, తప్పు మాత్రం ఉన్నచోటే ఉండేది. కామర్సు చదివిన నాకు కంప్యూటర్ల చరిత్రలోని ఈ కథ తలకెక్కింది అందుకే.

మనిషి రాసిన ప్రోగ్రామును యంత్రభాషలోకి మార్చేది కంపైలరు. తప్పుంటే అది పని ఆపేస్తుంది. అనుమానమే అయితే హెచ్చరించి ముందుకు పోతుంది, మా ఆడిటర్ల అభ్యంతరం లాగ. సీ భాషలో ఈ అనుమానాలు పట్టడానికి 1978లో బెల్ ల్యాబ్స్‌లో స్టీఫెన్ జాన్సన్ ‘లింట్’ అనే ప్రోగ్రాము రాశాడు. లింట్ అంటే బట్టకంటుకునే నూగు. యూనిక్స్‌ను వేరే యంత్రానికి తరలించేటప్పుడు పడ్డ తిప్పలు అందుకు ఒక కారణం.

ఒకే రాత యంత్రానికో తీరున నడుస్తుందా అంటారేమో. నడుస్తుంది. సీ భాషలో ‘లాంగ్’ అనే సంఖ్య 64 బిట్ల లినక్స్‌లో 64 బిట్లు, 64 బిట్ల విండోస్‌లో 32 బిట్లే. (ఖాతాదారు డిపాజిట్టు ఆయనకు ఆస్తి, మాకు అప్పు. అదీ ఇలాంటిదే.) కనుక ఒకచోట రాని హెచ్చరిక మరోచోట వస్తుంది. అన్ని యంత్రాలకూ ప్రోగ్రాములు కట్టి ఉచితంగా పంచే స్వచ్ఛంద సేవకులకు ఇవి గుట్టలుగా వచ్చిపడతాయి. హెచ్చరిక వస్తే పనే ఆపేయమని కొందరు కంపైలరుకు ఆజ్ఞ ఇస్తారు. అప్పుడు కొత్త కంపైలరు రాగానే నిన్న కుదిరిన ప్రోగ్రాము ఇవాళ కుదరదు. మరికొందరు హెచ్చరిక నోరు నొక్కేస్తారు.

2006లో డెబియన్‌లో జరిగింది ఈ రెండోదే. రహస్య తాళాలు తయారుచేసే ఓపెన్ఎస్ఎస్ఎల్‌ను వాల్‌గ్రైండ్ అనే పరీక్షకుడు తప్పుపట్టింది. వాల్‌గ్రైండ్ కంపైలరు కాదు, నడుస్తున్న ప్రోగ్రామును చూసేది. విలువ వేయని జాగాను చదువుతున్నారన్నది దాని అభ్యంతరం. సంరక్షకుడు నిర్లక్ష్యపరుడేమీ కాదు. అసలు రచయితల బృందాన్ని అడిగాడు, గట్టిగా వద్దన్నవారు లేరు. ఒకే పోలికలో ఉన్న రెండు పంక్తులను తొలగించాడు. ఒకటి పోయినా నష్టం లేదు. రెండోది మాత్రం తాళాలకు యాదృచ్ఛికత లోపలికి వచ్చే ద్వారం!

హెచ్చరిక ఆగింది. తాళాలూ తయారవుతూనే ఉన్నాయి. కాని వాటిలో వైవిధ్యమంతా ప్రాసెస్ సంఖ్య ఒక్కదానిమీదే నిలిచింది. ఒక రకం యంత్రంపై, ఒక పరిమాణపు తాళానికి ఉండగలిగినవి సుమారు 32,768 మాత్రమే. వరుసగా వేసి చూస్తే దొంగకు ఎక్కువ సేపు పట్టదు. లూసియానో బెల్లో కనిపెట్టాడు, 2008 మే 13న డెబియన్ ప్రకటించింది. అప్పటికి ఇరవై నెలలు.

మరమ్మతు చేసిన ప్రోగ్రాము ఎక్కించుకుంటే సరిపోలేదు. ఆ కాలంలో పుట్టిన తాళాలు డెబియన్ వాడని యంత్రాలకూ చేరి ఉన్నాయి. వాటన్నిటినీ వెతికి పారేయడానికి బలహీన తాళాల జాబితాలు పంచవలసి వచ్చింది.