కట్టెల మోపు చరిత్ర మన పోరాటాల పుస్తకాల్లో ఎందుకు లేదు?

పోస్టు కొంచెం పెద్దది, ఓపిగ్గా చదవండి.

మన చరిత్ర రాసేటప్పుడు పోడు గురించి రాస్తాం, చిగురుపన్ను గురించి రాస్తాం, వెట్టి గురించి రాస్తాం. విల్లు పట్టినోళ్ళ పేర్లు గుర్తు చేసుకుంటాం. మంచిదే. కానీ అడవి చట్టం మన ఇంటి గడప దాకా వచ్చింది మాత్రం కట్టెల మోపు దగ్గరే. పోడు ఏడాదికోసారి కొడతారు. కట్టెలకి వారంలో మూడు నాలుగుసార్లు వెళ్ళాలి. వెళ్ళేది మన అమ్మలు, అక్కలు, బడి మానేసిన చెల్లెళ్ళు. పుస్తకాల్లోకి రాకపోవడానికి అదే కారణమని నాకనిపిస్తుంది.

మైదానం వాళ్ళకి కట్టె అంటే వంటచెరకు. కొండ మీద అంతకన్నా ఎక్కువ. చింతపల్లి మండలం లంబసింగి సముద్రమట్టానికి సుమారు వెయ్యి మీటర్ల ఎత్తులో ఉంది. డిసెంబరు, జనవరిలో కొన్ని తెల్లవారుజాములు చలి సున్నా డిగ్రీల దగ్గరికి దిగుతుంది. ఆ ఊరికి కొర్రబయలు అని ఇంకో పేరుంది. రాత్రి బయట ఉండిపోతే తెల్లారేసరికి కొర్రలా, అంటే కర్రలా, బిగుసుకుపోతారని అర్థం చెబుతారు. చూడ్డానికి వచ్చేవాళ్ళకి అది సరదా మాట. రెండు దుప్పట్లతో ఆరుగురు పడుకునే ఇంట్లో అది సరదా కాదు.

మన పాత ఇళ్ళల్లో వంటయ్యాక పొయ్యి ఆర్పేవాళ్ళు కాదు. లావు మొద్దు ఒకటి లోపలికి తోసి, మీద కాస్త బూడిద కప్పి వదిలేసేవాళ్ళు. అది రాత్రంతా లోలోపల రాజుకుంటూనే ఉండేది. ముసలోళ్ళు, పసిపిల్లలు దాని దగ్గర పడుకునేవాళ్ళు. పొయ్యి పైన అటక, అటక దగ్గర విత్తనానికి దాచిన కంకులు. పొగ తగిలితే గింజకి పురుగు పట్టదు, కప్పులో వెదురు త్వరగా పుచ్చిపోదు. అంటే అదే మోపుతో కూడు వండుకున్నారు, చలి కాచుకున్నారు, వచ్చే ఏడాది విత్తనం కాపాడుకున్నారు, ఇల్లు నిలబెట్టుకున్నారు. ఆ పొగే ఆడవాళ్ళ కళ్ళూ పిల్లల ఊపిరీ పాడుచేసిందన్నదీ నిజమే. దాన్ని గొప్పగా చెప్పుకోనక్కర్లేదు.

మా అమ్మమ్మకి కట్టెల విషయంలో చాలా పట్టింపు. రాజెయ్యడానికి సన్నపుల్లలు, రాత్రికి చింత మొద్దు. బూరుగ తెస్తే తిట్టేది, కాగితంలా కాలిపోతుందని. ఇప్ప చెట్టు మీద, జీలుగు చెట్టు మీద కత్తి పెట్టనిచ్చేది కాదు. పచ్చికర్ర అసలు ముట్టుకోనిచ్చేది కాదు. ఇందులో భక్తి ఎంతో గానీ లెక్క మాత్రం ఉంది. పచ్చికర్ర మొయ్యాలంటే మెడ విరుగుతుంది, తెచ్చాక కాలదు, ఇల్లంతా పొగ. తలమీద పాతిక ముప్ఫై కేజీలు పెట్టుకుని గెడ్డ దాటి రావాల్సిన మనిషి నీళ్ళ బరువు ఎందుకు మోస్తుంది? పొయ్యిలోకి కావల్సింది ఎండుపుల్ల. అది చెట్టు తనంతట తాను వదిలేసింది. కట్టెలకెళ్ళేవాళ్ళ వల్లే అడవి పోయిందనేవాళ్ళకి ఈ చిన్న సంగతి తెలియదు.

మరి అడవిని బళ్ళకొద్దీ కాల్చింది ఎవరు? 1856 చూడండి. మద్రాసు ప్రెసిడెన్సీలో అటవీశాఖ పెట్టి క్లెగ్‌హార్న్‌ని మొదటి కన్జర్వేటర్‌గా వేసింది ఆ ఏడాదే. మద్రాసు రాయపురం నుంచి మొదటి రైలు కదిలిందీ ఆ ఏడాదే. పట్టాల కింద స్లీపర్లకి కలప కావాలి. ఇంజను పొయ్యిలోకీ అప్పట్లో కట్టెలే. అది చాలక కోస్తా ఇసుకలో సరుగుడు తోటలు వేయించారు. ఇంజను కడుపు నింపడానికి తోటలు పెంచిన ప్రభుత్వం మన పొయ్యికి ఏం చేసిందో చూద్దాం.

ఇక్కడ చాలామందికి తెలియని ముక్క ఒకటుంది. 1871లో మద్రాసు రెవెన్యూ బోర్డే ఒప్పుకుంది: ఈ ప్రెసిడెన్సీలో ఏదో ఒక ఊరి పొలిమేరలోకి రాని అడవి దాదాపు లేదు, ఊళ్ళవాళ్ళు ఎప్పటినుంచో దాన్ని వాడుకుంటున్నారు అని. మన మాట కాదు, తెల్లదొరల బోర్డు మాట. ఆ వాదన వల్లే 1878 నాటి అటవీ చట్టం మద్రాసుకి వర్తించలేదు. తర్వాత 1881లో బ్రాండిస్ వచ్చాడు, 1882లో మద్రాసు అటవీ చట్టం వచ్చింది. బోర్డు ఆ మాట అన్న పదకొండేళ్ళకే! రిజర్వు అని గీత గీసిన చోట చెట్టు కొట్టడమే కాదు, కొమ్మ నరకడం, నిప్పు పట్టుకెళ్ళడం, అడవిలోది ఏదైనా ఏరి తెచ్చుకోవడం నేరాల్లో చేరాయి. అనుమతి ఇస్తే వేరు. కానీ నిన్నటిదాకా హక్కుగా ఉన్నది ఇవాళ అనుమతి అయిపోయింది. అనుమతి అంటే కోడి, తేనె, చిన్న చిల్లర. ఇది మనందరికీ తెలిసిందే.

రంప పితూరీ 1879లో మొదలైంది, అంటే ఈ చట్టం కన్నా ముందే. దానికి కల్లు మీద చిగురుపన్ను, మన్సబుదారు దౌర్జన్యం పెద్ద కారణాలు. 1922 నాటికి అడవి ఆంక్షలు కూడా ముదిరాయి. నర్సీపట్నం నుంచి లంబసింగి మీదుగా చింతపల్లికి వేసిన రోడ్డులో గూడెం డిప్యూటీ తాసిల్దారు బాస్టియన్ మనవాళ్ళ చేత చాలీచాలని కూలికి పని చేయించాడు. 1922 ఆగస్టు 22న అల్లూరి దళం చింతపల్లి పోలీసు స్టేషను మీద పడింది. ఇవాళ మంచు చూడ్డానికి కార్లు వరస కట్టేది ఆ దారిలోనే.

ఆదిలాబాద్ వైపు కథ ఇంకా సూటిగా ఉంది. అక్కడా చలి గట్టిదే. నిజాం కాలంలో పశువుల మేతకీ వంటచెరకుకీ బంబ్రాం, దూపపెట్టి అనే పేర్లతో శిస్తు అడిగేవాళ్ళని గోండు, కోలాం పెద్దలు చెప్పుకుంటారు. కొమరం భీం 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగాడు. జల్, జంగల్, జమీన్ అని మనం నినాదం ఇస్తాం కదా, అందులో జంగల్ అంటే పులి, టేకు మాత్రమే కాదు. పొయ్యిలో పుల్ల కూడా.

తెల్లవాళ్ళు పోయాక 1967లో ఆంధ్రప్రదేశ్ అటవీ చట్టం వచ్చింది. నేరాల జాబితా దాదాపు పాతదే. తర్వాత 1999లో దీపం పథకం, 2016లో ఉజ్వల. గ్యాస్ వచ్చింది, పొగ తగ్గింది, సంతోషం. కానీ గ్యాస్ పొయ్యి అన్నం ఉడికిస్తుంది, ఇల్లు వెచ్చబెట్టదు. పైగా ఇప్పుడు కట్టే స్లాబు ఇళ్ళల్లో నడిమింట్లో పొయ్యికి చోటే లేదు. బండ చల్లన, గోడ చల్లన. అందుకే ముసలోళ్ళు కొత్త ఇల్లు వదిలి పక్కన వేసుకున్న పాకలో నెగడు దగ్గర పడుకుంటున్నారు. వాళ్ళకి తెలివి లేక కాదు.

ఇక 2006 అటవీ హక్కుల చట్టం. మనం దీన్ని పోడు పట్టాల చట్టంగానే చూశాం. చిన్నతరహా అటవీ ఉత్పత్తులు అంటే ఏమిటో చెప్పే చోట వెదురుతో పాటు ‘బ్రష్‌వుడ్’, ‘స్టంప్స్’ అని రాసి ఉంది. అంటే పొదల పుల్ల, కొట్టేసిన చెట్టు మోడు. వాటిని ఏరుకోవడం, వాడుకోవడం, అమ్ముకోవడం హక్కు. 2008 నియమాల్లో తలమోపు, సైకిలు, తోపుడుబండి మీద అడవిలో తీసుకెళ్ళొచ్చని ఉంటే, 2012లో దాన్ని సవరించి, అడవి లోపలా బయటా తగిన వాహనం మీద తీసుకెళ్ళొచ్చన్నారు. నిస్తార్ లాంటి సామూహిక హక్కులు ఇంకో సెక్షన్‌లో ఉన్నాయి. ఆ మాట మన వైపుది కాదు గానీ, ఇంటి అవసరానికి ఊరు అడవిని వాడుకోవడమనే అర్థం.

ఈ హక్కులు అడగాల్సింది ఫారం-ఎ లో కాదు, అది వ్యక్తిగత భూమికి. ఫారం-బి లో. అందులో నిస్తార్‌కి ఒక వరస, చిన్నతరహా ఉత్పత్తులకి ఇంకో వరస ఉన్నాయి. నేను చూసిన కొన్ని దరఖాస్తుల్లో చింతపండు, అడ్డాకు, తేనె, కుంకుళ్ళు రాశారు. కట్టెలు రాయలేదు. దరఖాస్తు నింపిన గదిలో ఉన్నవాళ్ళంతా మగవాళ్ళే మరి.

ఇంకో సంగతి. చలికాలంలో గుడారాల దగ్గర ‘క్యాంప్‌ఫైర్’ అని కట్టెలు పేర్చి డబ్బులు తీసుకుంటున్నారు. ఆ మంటకి కట్టె ఎక్కడిదని అడిగినవాళ్ళు నాకు కనపడలేదు. సాయంత్రం మోపుతో దిగుతున్న ముసలమ్మని మాత్రం అడుగుతారు. మీ గ్రామసభ ఫారం-బి నకలు మీ పంచాయతీలో ఉంటే సంక్రాంతి సెలవుల్లో తీసి చూడండి. కట్టెలు అన్న మాట లేకపోతే, ఏ కొండ, ఏ గెడ్డ, ఏ దారి అన్నది రాయించాల్సింది రోజూ కట్టెలకెళ్ళే ఆడవాళ్ళ చేతే. ఆ హద్దులు వాళ్ళకి తెలిసినంత ఇంకెవరికీ తెలియవు.