క్రాంకుకి మొలతాడు

పాత విల్లీస్ జీపు ఇంజనులో ఆయిలు వెనకనుంచి కారిపోకుండా ఆపేది ఒక తాడుముక్క. రబ్బరూ కాదు, ఇత్తడీ కాదు, అచ్చంగా అల్లిన తాడు. 2199 సీసీల ఇంజను, 60 గుర్రాల బలం, నిమిషానికి నాలుగు వేల చుట్లు తిరగగల క్రాంకు షాఫ్టు, దాని వెనక కొసన నూనెలో నానిన తాడు! ఇది తెలిసిన దగ్గర్నుంచీ నెల్లిమర్ల జూట్ మిల్లు వైపు గోగునార మోపులతో పోయే బండి కనబడితే చాలు, నాకు నవ్వాగదు. విజయనగరం, శ్రీకాకుళం పొలాల్లో పండే ఆ నారని ఒకప్పుడు ప్రపంచ బజార్లలో భీమిలి పేరు మీదే అమ్మేవారు.

ఇంజనుకి తాడు కట్టడం జీపుతో పుట్టిన ఆలోచన కాదు. ఆవిరియంత్రాల రోజుల్లోనే పిస్టన్ కడ్డీ చుట్టూ నారతాడు చుట్టి, పశువుల కొవ్వు పట్టించి, బిగించి కుక్కేవారు. ఓడ ప్రొపెల్లర్ షాఫ్టుకీ, నీటిపంపుకీ అదే వైద్యం. మన ఎడ్లబండికి ఆ గొడవే లేదు. కందెన కారితే కారింది, మళ్లీ పూసేవారు. ఫోర్డ్ మోడల్ టీదీ ఇంచుమించు అదే ధోరణి. దాని ఫ్లైవీలూ గేర్లూ ఇంజను ఆయిల్లోనే మునిగి తిరుగుతాయి కాబట్టి క్రాంకు వెనక అడ్డుకట్టే అక్కర్లేకపోయింది. బ్రిటిష్ వాళ్లది ఇంకో ఎత్తు. షాఫ్టు మీదే మరలాంటి గాడి కోసి, తిరిగేటప్పుడు నూనెని లోపలికి నెట్టుకొచ్చేలా చేశారు. 1959లో అంబాసిడర్‌కి వచ్చిన 1489 సీసీ ఇంజనుది ఈ ఏర్పాటే. ఆపిన బండి కింద చుక్క పడిందంటే అది జబ్బు కాదు, పుట్టుకతో వచ్చిన లక్షణం.

నాకు మోజంతా తాడు మీదే. నలభైల చివర్లో మహీంద్రా వాళ్లు బొంబాయిలో విల్లీస్ జీపులు కూర్చడం మొదలెట్టారు. ఆ తర్వాత బ్లాకాఫీసుకీ, అడవిశాఖకీ జీపే వాహనం. ఆ ఇంజనుకి తాడు వెయ్యడం చదువుకుంటే వచ్చే పని కాదు. ముందురోజే ఆయిల్లో నానెయ్యాలి. సగం ముక్క బ్లాకులో, సగం ముక్క బేరింగ్ క్యాపులో. గాడిలో పరిచి, నున్నటి సుత్తి పిడితో దొర్లించి అణచాలి. కొసలు కొత్త బ్లేడుతో కొయ్యాలి, వెంట్రుకవాసి పైకి ఉండేలా. ఒక్క పోగు బయటికొచ్చి క్యాపు కింద నలిగినా బేరింగు సందు తేడా వచ్చేస్తుంది. పసిపిల్లాడికి మొలతాడు కట్టినంత నేర్పుగా కట్టాలి. బిగిస్తే షాఫ్టు వేడెక్కుతుంది, వదులైతే ఆయిలు జారుతుంది.

క్రాంకు దించే ఓపిక లేని అమెరికన్ మెకానిక్కులు ఒక దొంగదారి కనిపెట్టారు. పాత తాడు కొసలోకి సన్నటి మరసూది ఎక్కించి బయటికి లాగుతారు. కొత్తదాని కొసకి తీగెతో అల్లిన చిన్న గొట్టం తొడుగుతారు. లాగేకొద్దీ ఆ గొట్టం బిగుసుకుని తాడుని పట్టుకుంటుంది. ఒకరు లాగుతుంటే ఇంకొకరు క్రాంకు మెల్లగా తిప్పుతూ ఉంటారు. ఎన్నిసార్లు తెగేదో ఆ దేవుడికే ఎరుక.

తాడుకి పోటీ తోళ్ల కార్ఖానా నుంచి వచ్చింది. జర్మనీలో వైన్‌హైమ్ ఊరి ఫ్రాయిడెన్‌బెర్గ్ కంపెనీ 1849 నుంచీ తోళ్ల వ్యాపారంలో ఉండేది. 1929 మాంద్యంలో గిరాకీ పడిపోతే తోలుతో ఆయిలు ఆపే సీళ్లు చెయ్యడం మొదలెట్టింది. వాల్టర్ జిమ్మర్ అనే ఇంజనీరు పేరు మీద వచ్చిన స్ప్రింగు సీలు ఆ తర్వాతిది. కొన్నేళ్లకి తోలు పోయి కృత్రిమ రబ్బరొచ్చింది. అయినా మెర్సిడెస్ డీజిలు కార్లలో ఎనభైల దాకా తాడే నడిచింది.

మన వైపు ఈ వెనక సీలు సంగతి సాలూరుకి తెలిసినంతగా ఇంకే ఊరికీ తెలియదనుకుంటాను. సాలూరంటే లారీలు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లాలో కలిసినా, రాయపూర్ రోడ్డు అదే, సుంకి, పొట్టంగి ఘాటీ అదే. వెనక సీలు పోతే ఆయిలు క్లచ్ ప్లేటు మీద పడుతుంది. ఘాటీ ఎక్కుతుంటే ఇంజను అరుస్తుంది, బండి మాత్రం కదలదు. అప్పుడు గేర్ బాక్సు దించాలి, క్లచ్చు విప్పాలి, ఫ్లైవీలు తియ్యాలి. చవక సరుక్కి రోజంతా చాకిరీ.

పాత ఇంజను తాళ్లలో ఆస్బెస్టాస్ ఉండేది. ఊపిరితిత్తుల్ని తినేసే ఆ సరుకు పోవడం మంచిదే. పోకూడనిది సుత్తి పిడి పట్టిన చేతినేర్పు. భీమిలి దగ్గరి చిట్టివలస జూట్ మిల్లు కూడా 2009లో మూతపడింది. గోనెసంచులు నేసిన ఈ గడ్డ మీద ఇంజను తాడు కూడా ఎవరైనా పేని ఉంటే ఎంత బావుండేదని నా అత్యాశ.

ఇప్పుడు పాత జీపుకి చాలామంది రెండు ముక్కల రబ్బరు సీలే వేయిస్తున్నారు. వేయించే ముందు షాఫ్టు తడిమి చూడాలి. తాడు కోసం గరుకుగా చేసిన క్రాంకులు కొన్ని ఉన్నాయి, నున్న చెయ్యకపోతే రబ్బరుని కొరికేస్తాయి. అంతకన్నా ముందు బ్రీదర్ గొట్టం ఊది చూడండి. అది మూసుకుపోయినా, రింగులరిగి బ్యాక్ కంప్రెషన్ వచ్చినా, లోపలి గాలి ఆయిల్ని ఏ సందులోంచైనా తోసేస్తుంది. ఎంత కొత్త సీలైనా దానికి ఆగదు.