మూర్ఛయు, మోటారు పగ్గములును

ఉత్తరవాహినియైన గోదావరి యొడ్డున వెలసిన చెన్నూరువంటి యూళ్లలో, మూర్ఛ వచ్చినవానిని ఒంటరిగా నదికి పంపరాదను జాగ్రత్త మిక్కిలి యవసరమైనది. అపస్మార (మూర్ఛ) రోగిని నీరు, నిప్పు, చెట్లు, కొండలనుండి సదా కాపాడవలయునని చరకసంహితయే విధించియున్నది.

మోటారు బండ్లు వచ్చిన పిమ్మట ఆ పట్టికలో చక్రమును చేరెను. 1939 నాటి మోటారు వాహనముల చట్టము అపస్మారమును లైసెన్సునకు సంపూర్ణమైన అనర్హతగా నెంచెను. 1988 చట్టము వచ్చిన తరువాతను, దరఖాస్తుదారు తనకు మూర్ఛగాని ఆకస్మికముగా స్పృహ తప్పుటగాని కలదేమో స్వయముగా ప్రకటింపవలసియున్నది. బ్రిటనులో నేడు, కారణము తెలియని తొలిమూర్ఛ పిమ్మట, వైద్యులు సమ్మతించినచో, సామాన్యముగా ఆరునెలలకు కారు నడుప ననుమతింతురు.

ప్రాణరక్షణకై పెట్టిన కట్టుబాటు వేరు, మనుష్యుని వెలివేయు అపోహ వేరు. 1976 సవరణచే హిందూ వివాహ చట్టమున ప్రవేశించిన అపస్మార రోగుల వివాహనిషేధము 1999లో తొలగింపబడుట ఈ భేదమును మన శాసనము గుర్తించెననుటకు నిదర్శనము. తొలిమూర్ఛ పొందినవారందఱకు అది మరల రావలెనను నియమము లేదు. అయినను మరల రావచ్చును గనుక, మూర్ఛ వచ్చినపుడు చేతిలో తాళపుచెవులు పెట్టుట మాని, వైద్యుని యాశ్రయించి, ఆయన యనుమతించువఱకు బండి పగ్గములను ఇంటివారికి అప్పగించుట తనకును, బాటసారికిని శ్రేయస్కరము.