సూచికలో చేర్చుటకు పూర్వము దత్తాంశ పరీక్ష

తెలుగు సాహిత్య చరిత్ర బోధించువారికి ఇద్దరు తిక్కనలు పరిచితులే. ఒకడు మహాభారతమున పదునైదు పర్వములను రచించిన కవి. రెండవవాడు, ఆయనకు సోదర వరుసవాడగు ఖడ్గతిక్కన. పేరొక్కదానినే ఆధారముగా గొని సూచిక వ్రాసినచో ఇరువురు నొక్కరగుదురు. చదువరి ఆ తప్పును గుర్తించి నవ్వుకొనును. యంత్రము గుర్తింపజాలదు, పైగా ఆ తప్పునుండి మరికొన్ని నిర్ణయములు చేయును.

1999 ఫిబ్రవరిలో వరల్డ్ వైడ్ వెబ్ కన్సార్షియము ‘ఆర్.డి.ఎఫ్.’ అను విధానమును ప్రమాణముగా ప్రకటించినది. వస్తువును గూర్చిన ప్రతి విషయమును ఇందు మూడంగముల వాక్యముగా వ్రాయవలెను. ‘ఈ గ్రంథమునకు కర్త ఫలానావాడు’ అనునది అట్టి త్రయము. అర్థమును యంత్రమునకు తెలుపు ఈ దత్తాంశమునకు 2004లో ప్రమాణములైన ఆర్.డి.ఎఫ్. స్కీమా, ఔల్ అను భాషలు తర్కబలమును చేకూర్చినవి.

ఇచ్చట వ్యాకరణము చదివినవారికి వింతగా తోచు విశేషమొకటి కలదు. ‘కర్త’ అను సంబంధమునకు విలువ వ్యక్తియే యని స్కీమాలో నియమము వ్రాసితి మనుకొందము. ఎవరో పొరపాటున కర్త స్థానమున రాజమహేంద్రవరమును చేర్చిరి. వ్యాకరణమైనచో తప్పనును. స్కీమా తర్కము తప్పనదు; రాజమహేంద్రవరము ఒక వ్యక్తి యని నిర్ణయించును! అట్లే శీర్షిక లేని గ్రంథమును అది దోషముగా నెంచదు. శీర్షిక మరియొకచోట నుండవచ్చునని యూరకుండును. దీనిని వివృతలోక భావన యనవచ్చును. విశాలమైన వెబ్బునకు ఈ యుదారత తగినదే. ఒక సంస్థ తన పేరున ప్రకటించు సూచికకు మాత్రము ఇది చాలదని నా యభిప్రాయము.

చాలదనుటకు నిదర్శనము కలదు. 2000లో డాన్ బ్రిక్లీ, లిబ్బీ మిల్లర్ ప్రారంభించిన ‘ఫ్రెండ్ ఆఫ్ ఎ ఫ్రెండ్’ అను పదజాలములో, ఈమెయిలు చిరునామాను మరుగుపరచుటకై దానిని గణితక్రియచే 40 అక్షరముల సంకేతముగా మార్చు పద్ధతి యున్నది. ఒకే సంకేతము గలవారు ఒకే వ్యక్తి యని నియమము. కొన్ని వెబ్‌సైట్లు చిరునామా నీయని సభ్యులకు సైతము, చిరునామాకు ముందుండు ‘మెయిల్‌టూ’ అను మాటనొక్కదానినే సంకేతముగా మార్చి ప్రకటించినవి. అందరికిని అదే సంకేతము వచ్చినది. తర్కయంత్రము నియమమును తు.చ. తప్పక పాటించి, ఒకరినొకరెరుగని వేలమందిని ఏకవ్యక్తిగా చేసినది. ఐర్లండులోని గాల్వే పరిశోధకులు 2007లో దీనిని వెల్లడించిరి. తర్కమున దోషము లేదు. పరీక్షింపక ప్రకటించుటయందే యున్నది.

పరీక్షకు ప్రమాణ మేర్పడుటకు చాలకాలము పట్టినది. 2013 సెప్టెంబరులో అమెరికాలోని కేంబ్రిడ్జిలో ఈ విషయమై గోష్ఠి జరిగినది. మరుసటి యేట కార్యవర్గ మేర్పడినది. 2017 జులై 20న ‘షాకల్’ అను భాష ప్రమాణమైనది. ఇందలి నియమసముదాయములను ఆకృతులందురు. శీర్షిక ఒకటైన నుండవలెను, తేదీ తేదీరూపముననే యుండవలెను అని ఆకృతిలో వ్రాసి ఫైలును దానితో పోల్చినచో పరీక్షాపత్రము వెలువడును. అదియు త్రయముల రూపముననే యుండుట చమత్కారము. ఉల్లంఘనము, హెచ్చరిక, సమాచారము అని దోషముల తరగతులు మూడు. దత్తాంశ సూచికలకు 2014లోనే ‘డీకాట్’ అను పదజాలము ప్రమాణమై యుండెను. దాని ఐరోపా రూపములో శీర్షికయు వివరణయు తప్పనిసరి. ఆ రూపమునకు షాకల్ ఆకృతులు నేడు లభించుచున్నవి.

అయినను ఆకృతి వ్రాయువాడు జాగరూకుడై యుండవలెను. శీర్షిక ఒకటైన నుండవలెనను నియమమును రిక్తమైన శీర్షిక సైతము తృప్తిపరచును. కనీసపు పొడవును వేరుగా విధింపవలెను. పైని చెప్పిన సంకేతము ఇంకను మాయదారిది. 40 అక్షరములు సక్రమముగా నున్నవి. రూపపరీక్షలో అది నెగ్గును. చేరబోవు ఫైలును సూచికలో ఇదివరకున్న వానితో కలిపి, ఈ సంకేతము మరియొకరికి గలదా యని ప్రశ్నించిననే గుట్టు బయటపడును. అట్టి ప్రశ్నను స్పార్కుల్ అను ప్రశ్నాభాషలో వ్రాసి షాకల్ ఆకృతిలో నిముడ్చవచ్చును. మన తాళపత్ర గ్రంథసూచికలను ఈ రూపమునకు మార్చు పరిశోధకులు, కర్తల పేళ్ల విషయమున ఇట్టి ప్రశ్నను తొలి ఫైలు చేర్చుటకు ముందే వ్రాసికొనవలసి యుండును.